భయానక సాహిత్యాసక్తి – సహృదయుని నైతిక బాధ్యత

ఉపోద్ఘాతం

ఇంట్లో అందరూ నిద్రపోయాక దీపం దగ్గరకు లాక్కుని దయ్యాల కథ చదివే పాఠకుడు ఏ భాషాసమాజంలోనైనా కనిపిస్తాడు. చదువుతున్నంతసేపూ అతని గుండె వేగంగా కొట్టుకుంటుంది. పెరటి తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడతాడు. పుస్తకం మూసేస్తే ఆ కలవరం తీరిపోతుందని తెలుసు, అయినా మూయడు. అది పూర్తికాగానే అటువంటిదే మరొకటి వెతుక్కుంటాడు. లోకంలో ఎవరూ కోరి తెచ్చుకోని భయాన్ని, ఎవరూ ఇష్టపడని రోతను అతడు వెల ఇచ్చి కొనుక్కుంటున్నాడు.

ఈ ఆసక్తి రెండు ప్రశ్నలకు తావిస్తుంది. బాధాకరమైన భావం ఆనందాన్ని ఎలా ఇవ్వగలదన్నది మొదటిది. ఇది సౌందర్యశాస్త్రానికి సంబంధించినది. అలా ఆనందించడం తగునా అన్నది రెండవది. ఇది నీతిశాస్త్రానికి సంబంధించినది. మొదటి ప్రశ్నపై ప్రాచ్య, పాశ్చాత్య ఆలంకారికులు విస్తృతంగా చర్చించారు. రెండవ ప్రశ్నకు మాత్రం సాధారణంగా రెండు తేలిక సమాధానాలే వినిపిస్తాయి. భయానక సాహిత్యం మనసును చెడగొడుతుంది కాబట్టి అది వర్జ్యమని ఒక సమాధానం. కల్పన కల్పనే కాబట్టి అక్కడ నీతిప్రసక్తే లేదని మరొక సమాధానం. ఈ రెండూ చాలవని చూపి, ఈ ఆసక్తిని పరీక్షించడానికి తగిన గీటురాయి భారతీయ రససిద్ధాంతంలోనే, ప్రత్యేకించి సాధారణీకరణ భావనలో, ఉన్నదని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం. దయ్యాలు, క్షుద్రశక్తులు, వికృతప్రాణులు ప్రధానంగా ఉన్న కథలను, చీకటి ఛాయలు గల అద్భుతకల్పనలను కలిపి ఇక్కడ భయానక సాహిత్యమని వ్యవహరించడం జరిగింది.

1. భయం ఆస్వాద్యం కావడం

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దాని స్థాయి భయం, వర్ణం నలుపు, అధిదేవత కాలుడు. వికృతధ్వనులు, భూతదర్శనం, నక్కల ఊళలు, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహం, అరణ్యం మొదలైన వాటిని ఆయన ఈ రసానికి విభావాలుగా పేర్కొన్నాడు. పద్దెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లండులో వెలువడిన గోథిక్ నవలల పాడుబడిన కోటలు, నిర్మానుష్యమైన నడవలు, అర్ధరాత్రి వినిపించే మూలుగులు ఈ జాబితాకు చాలా దగ్గరగా ఉంటాయి. ఒకరినొకరు ఎరుగని రెండు సంప్రదాయాలు ఒకే రకమైన సామగ్రిని ఎంచుకోవడాన్ని బట్టి, ఈ ఆసక్తి ఒక కాలానికో దేశానికో చెందిన వింత మోజు కాదని తెలుస్తున్నది.

బాధ నుంచి ఆనందం ఎలా పుడుతుందన్న విషయంలో మన ఆలంకారికులందరిదీ ఒకే మాట కాదు. రసమంతా ఆనందరూపమేనని అభినవగుప్తుని మతం. పన్నెండవ శతాబ్దిలో గుజరాతు ప్రాంతానికి చెందిన జైన పండితులు రామచంద్ర గుణచంద్రులు నాట్యదర్పణంలో దీనితో విభేదించారు. కొన్ని రసాలు సుఖాత్మకాలు, కొన్ని దుఃఖాత్మకాలు అన్నారు. భయానక, బీభత్స, కరుణ, రౌద్రాలు రెండవ కోవకు చెందినవి. అయినా ప్రేక్షకుడు వాటిని ఎందుకు కోరుతాడంటే, కవి శక్తి, నటుని నైపుణ్యం కలిగించే చమత్కారం వల్లనని వారి సమాధానం. ఘాటు తగిలినప్పుడు పానకం తీపి మరింత రుచించినట్లు దుఃఖాస్వాదం వల్ల సుఖం మరింత రుచిస్తుందని కూడా వారు చెప్పారు. మిరియం లేని పానకం చప్పగా ఉంటుందని తెలిసిన తెలుగువారికి ఈ పోలికను వివరించనక్కరలేదు.

ఆరు శతాబ్దాల తరువాత, 1757లో, డేవిడ్ హ్యూమ్ విషాదనాటకంపై రాసిన వ్యాసంలో దాదాపు ఇదే దారి తొక్కాడు. రచనాశక్తి వల్ల కలిగే ఆనందం బాధాకరమైన భావాన్ని తనలోకి మలుచుకుంటుందని అతని వాదం. అదే ఏడాది ఎడ్మండ్ బర్క్, ప్రమాదం మరీ దగ్గరగా లేనప్పుడు భయం ఒక విధమైన హర్షాన్నిస్తుందని ప్రతిపాదించాడు. ఇటీవలి తాత్త్వికులలో కెండల్ వాల్టన్ 1978లో ప్రకటించిన వ్యాసంలో తెరపై పాకివచ్చే ఆకుపచ్చని జిగట పదార్థాన్ని చూసి బిగుసుకుపోయిన ప్రేక్షకుణ్ణి ఉదాహరణగా తీసుకున్నాడు. అతడు కుర్చీని గట్టిగా పట్టుకుంటాడు గాని లేచి పారిపోడు. కాబట్టి అతనిది అసలైన భయం కాదని, భయాన్ని పోలిన మరొక స్థితి అని వాల్టన్ నిర్ణయించాడు.

ఈ సిద్ధాంతాలలో ఏది సరైనదో తేల్చడం ఇక్కడ అవసరం లేదు. వీటన్నిటికీ సమానమైన అంశం ఒకటుంది: భయానికీ పాఠకునికీ మధ్య ఏదో ఒక ఎడం ఉండాలి. ఆ ఎడం ఎటువంటిదన్న దగ్గరే నైతిక ప్రశ్న మొదలవుతుంది.

2. లేడి భయం

ఈ విషయంలో అభినవగుప్తుడు ఇచ్చిన ఉదాహరణ ఎంతో లోతైనది. రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ అతడు భయానకానికి రాక్షసుణ్ణో శ్మశానాన్నో తీసుకోలేదు. కాళిదాసు శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుని రథానికి ముందు ప్రాణభయంతో పరుగెత్తే లేడిని తీసుకున్నాడు. ఆ వర్ణన విన్న సహృదయునికి కలిగే ప్రతీతిలో ఆ లేడి ఒక ప్రత్యేకమైన లేడిగా మిగలదు. దాన్ని భయపెట్టేవాడూ ప్రత్యేక వ్యక్తిగా మిగలడు. నేను భయపడుతున్నాను, ఇతడు భయపడుతున్నాడు, ఇతడు నాకు శత్రువు, మిత్రుడు, తటస్థుడు అన్న విశేషాలన్నీ తొలగిపోయి, దేశకాలాలు అంటని భయమే సాక్షాత్కరిస్తుంది. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం ఇక్కడ సంపూర్ణ రూపం పొందింది.

రసప్రతీతికి అడ్డువచ్చే ఏడు విఘ్నాలను కూడా అభినవగుప్తుడు చెప్పాడు. వాటిలో రెండవది ఈ చర్చకు కీలకం. భావాన్ని తనకో పరునికో కట్టివేసి, ఒక నిర్దిష్ట దేశకాలాల్లో బిగించి చూడటం రసవిఘ్నం. కళ్ల ముందున్న భయం నా వీధికి, నా పొరుగువానికి, నా శత్రువుకు అతుక్కుపోతే అది ఆస్వాదం కాజాలదు. లౌకికమైన భయంగానే మిగిలిపోతుంది. లౌకికభయానికి తన దారి తనకుంది. అది పరుగెత్తిస్తుంది, పరుగెత్తలేని చోట కర్ర ఎత్తిస్తుంది.

ఈ ఉదాహరణలో మరొక విశేషం ఉంది. ఆ దృశ్యంలో విల్లు ఎక్కుపెట్టినవాడు నాటకనాయకుడు. ప్రేక్షకుని అభిమానం సహజంగా అతనివైపే ఉంటుంది. అయినా భయానకాన్ని అనుభవించే క్షణంలో అతని చిత్తం రథం దిగి లేడి వెంట పరుగెడుతుంది. తరిమేవాని పక్షం వదిలి తరమబడే ప్రాణి పక్షానికి సహృదయుడు ఆ కాసేపు మారిపోతాడు. భయానకరసం చేయగల నైతికకార్యం ఏదైనా ఉంటే అది ఇదే. నాట్యశాస్త్రం ఏడవ అధ్యాయం భయాన్ని, జుగుప్సను స్త్రీలకు, నీచప్రకృతులకు చెందిన భావాలుగా పేర్కొన్నది. రాజూ పండితుడూ తమవి కావని తోసిపుచ్చే ఆ భావాలను రంగస్థలం ఎదుట వారూ అనుభవించక తప్పదు. శాస్త్రం గీసిన అంతస్తుల గీత ఆస్వాదంలో చెరిగిపోతుంది.

3. జుగుప్స అనే చిక్కు

భయం ఒక్కటే అయితే సమస్య ఇంతటితో తీరేది. కాని భయానక సాహిత్యంలో భయం ఒంటరిగా రాదు. కుళ్లిన దేహం, పురుగులు, నెత్తురు, మనిషీ మృగమూ కాని ఆకారం దానితో పాటే వస్తాయి. నోయెల్ క్యారల్ 1990లో వెలువరించిన గ్రంథంలో, హాని చేయగలగడంతో పాటు అపవిత్రంగా, అసహ్యంగా తోచడమూ భయానకపాత్రకు ఆవశ్యక లక్షణమని నిర్ణయించాడు. జీవించి ఉన్నదీ మరణించినదీ కాని పిశాచంలా రెండు వర్గాల మధ్య నిలిచిన వస్తువే రోత పుట్టిస్తుందని అతని వివరణ. భరతుడు ఈ బంధాన్ని ముందే గుర్తించాడు. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం పుట్టినట్లే బీభత్సం నుంచి భయానకం పుడుతుందని ఆయన మతం.

జుగుప్సకు భయానికి లేని ఒక దోషం ఉంది. భయం కారణాన్ని వెతుకుతుంది. పులి బోనులో ఉందని తెలిస్తే తగ్గుతుంది. జుగుప్సకు కారణంతో పనిలేదు. అంటుకుంటుందన్న భావనే దానికి చాలు. అందువల్ల అది వస్తువుల నుంచి మనుషుల మీదికి సులభంగా పాకుతుంది. ఈ దేశంలో అంటరానితనం శతాబ్దాల తరబడి నిలిచింది శాస్త్రవాక్యాల బలంతో మాత్రమే కాదు. శరీరంలో ఇంకిపోయిన రోత బలంతో కూడా. ఒక మనిషి తాకిన నీరు తాగలేకపోవడం తర్కం వల్ల కలిగిన నిర్ణయం కాదు.

సత్యహరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలను నటులు పాడుతూ వచ్చారు. భరతుని లెక్కన బీభత్స భయానకాలకు అంతకంటె అనువైన చోటు లేదు. కాని జాషువా ఆ రోతను శవాల మీద నిలపలేదు. రాజూ పేదా ఒకే మట్టిలో కలిసే చోటుగా, అస్పృశ్యతకు తావులేని ఒకే ఒక స్థలంగా శ్మశానాన్ని చూపాడు. శ్రోత రోత శ్మశానం నుంచి బయటికి నడిచి, ఊరిని ఊరుగా, వాడను వాడగా విడదీసిన వ్యవస్థ మీదికి మళ్లింది. జుగుప్సకు దిశ ఉంటుందని, కవి దాన్ని మళ్లించగలడని ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు.

4. నిందకు గురైన పాఠకురాలు

భయానక సాహిత్యాసక్తి గల పాఠకురాలినే నాయికగా చేసిన నవల జేన్ ఆస్టెన్ రచించిన ‘నార్తాంగర్ ఆబీ’. రచయిత్రి మరణానంతరం 1817 డిసెంబరులో వెలువడిన ఈ నవలలో క్యాథరిన్ మోర్లాండ్ అనే పదిహేడేళ్ల యువతి, 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ ప్రకటించిన ‘ఉడాల్ఫో రహస్యాలు’ చదివి ఒళ్లు మరచిపోతుంది. పాత మఠంలో అతిథిగా దిగినప్పుడు గదిలోని బీరువాలో ఏదో రహస్యపత్రం దొరికిందని రాత్రంతా వణికి, తెల్లవారి చూస్తే అది చాకలి పద్దు. ఆ తరువాత ఇంటి యజమాని జనరల్ టిల్నీ తన భార్యను చంపి ఉంటాడని అనుమానిస్తుంది. అతని కుమారుడు హెన్రీ ఆమెను మందలిస్తాడు. ఆమె సిగ్గుతో కుంగిపోతుంది.

ఇంతవరకే చదివితే ఇది భయానక సాహిత్యాసక్తిని పరిహసించే నవల. కాని కథ ఇక్కడ ఆగదు. క్యాథరిన్ తాను ఊహించినంత ధనవంతురాలు కాదని తెలియగానే జనరల్ ఆమెను ఇంట్లోంచి గెంటివేస్తాడు. తోడు లేకుండా సుదీర్ఘ ప్రయాణం చేసి ఆమె ఇల్లు చేరవలసి వస్తుంది. అతడు హంతకుడు కాడు, నిజమే. ధనం తప్ప మరొకటి ఎరుగని క్రూరుడు మాత్రం అవును. ఆ ఇంట్లో ఏదో తప్పున్నదని అందరికంటె ముందు పసిగట్టినది గోథిక్ నవలలు చదివిన అమ్మాయే. ఆమె భయం వాస్తవాల విషయంలో పొరబడింది. స్వభావం విషయంలో పొరబడలేదు.

ఆస్టెన్ ఈ పాఠకురాలికి పూర్తి విముక్తిని ఇవ్వలేదన్నది కూడా గమనించాలి. ఆధారం లేకుండా ఒక మనిషిని హంతకునిగా భావించడం అన్యాయమే. నవలలోని భయం ఒక నిర్దిష్ట వ్యక్తికి అతుక్కున్న క్షణంలోనే ఆ అన్యాయం జరిగింది. అభినవగుప్తుడు చెప్పిన రెండవ విఘ్నానికి ఇది కథారూపం. అయితే క్యాథరిన్ అనుమానించినది ఆ ఇంట్లో అందరికంటె బలవంతుణ్ణి. ఆ అనుమానం వల్ల సిగ్గుపడింది ఆమె. అతనికి ఏ హానీ జరగలేదు. అదే అనుమానం బలహీనుని మీద వాలితే ఏమవుతుందన్న ప్రశ్నను మరికొన్ని రచనలు ముందుకు తెస్తాయి.

5. తరిమేవారు, తరమబడేవారు

‘నార్తాంగర్ ఆబీ’ వెలువడిన కొద్ది రోజులకే, 1818 జనవరిలో, మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ప్రచురితమైంది. శవాల ముక్కలతో కూర్చిన ప్రాణి అందులోని భయానకవస్తువు. అది జీవం పోసుకోగానే సృష్టికర్తే అసహ్యంతో పారిపోతాడు. పాఠకుడూ అతనితో పాటే వెనక్కి తగ్గుతాడు. నవల మధ్యభాగంలో మాత్రం ఆ ప్రాణికే మాట దొరుకుతుంది. గోడ అవతల దాగి ఒక కుటుంబం మాటలు విని భాష నేర్చుకున్న ఆ ప్రాణి, ఎవరూ లేని వేళ చూసి ఇంట్లోని అంధవృద్ధునితో మాట్లాడుతుంది. చూపు లేని అతడు ఆదరిస్తాడు. చూపున్నవారు రాగానే కర్రతో కొడతారు. ఆ ప్రాణి ఆ తరువాత చేసిన హత్యలను నవల మన్నించదు. కాని మొదటి దెబ్బ ఎవరు ఎవరిని కొట్టారో పాఠకుడు మరచిపోలేడు. తనలో కలిగిన రోతకూ ఆ కర్రకూ ఉన్న సంబంధాన్ని అతడు స్వయంగా చూస్తాడు.

తెలుగు పాఠకులకు చిన్ననాటి నుంచి పరిచితమైన బేతాళకథల చట్రమూ ఇటువంటిదే. సోమదేవుని కథాసరిత్సాగరం నుంచి మన భాషలలోకి వచ్చి, 1947లో ఆరంభమైన ‘చందమామ’లో కొత్త కథలతో దశాబ్దాల తరబడి సాగిన ఈ కథాక్రమం శ్మశానంలో, అర్ధరాత్రి, శవాన్ని భుజాన వేసుకున్న రాజుతో మొదలవుతుంది. భయానకసామగ్రికి ఏ లోటూ లేదు. అయితే శవంలోని భూతం రాజును అడిగేది ధర్మసందేహం. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శ్రమ వృథా అవుతుంది. చివరకు రాజును బలి ఇవ్వడానికి పథకం వేసినవాడు పూజ్యవేషంలో ఉన్న భిక్షువని, ఆ రహస్యం చెప్పి ప్రాణం కాపాడినది బేతాళుడేనని తేలుతుంది. చూడగానే భయం పుట్టించేది మేలు చేసింది. చూడగానే నమ్మకం పుట్టించేది కీడు తలపెట్టింది. ఈ కథలు చదివి పెరిగిన బాలపాఠకునికి అందిన అసలు శిక్షణ భయపడటంలో కాదు, భయం చెప్పే మాటను వెంటనే నమ్మకపోవడంలో.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ రచన. ఆధునిక భయానక సాహిత్యంపై అతని ప్రభావం అపారం. బ్రూక్లిన్‌లో నివసించిన కాలంలో, 1925లో రాసి 1927లో ప్రకటించిన ‘రెడ్ హుక్‌లో భయం’ అన్న కథలో భయానికి మూలం ఆ పేటలో కిక్కిరిసి బతుకుతున్న వలసజనం. వారి భాషలు, ముఖాలు, ఆచారాలు అన్నీ క్షుద్రపూజకు విభావాలుగా మారాయి. అమెరికా 1924లో వలసలను కఠినంగా నియంత్రిస్తూ చట్టం చేసిన సందర్భంలో ఈ కథ పుట్టింది. బయట అధికారమంతా చేతిలో ఉన్న వర్గపు పాఠకునికి, తానే తరమబడుతున్న లేడినన్న భ్రమను ఈ కథ కలిగిస్తుంది. నిజానికి విల్లు అతని వర్గం చేతిలోనే ఉంది.

ఈ సాహిత్యాన్ని ప్రేమించిన పాఠకులే దీనితో తలపడ్డారన్నది ముఖ్యం. లవ్‌క్రాఫ్ట్ ప్రతిమ రూపంలో ఇచ్చే వరల్డ్ ఫాంటసీ పురస్కారాన్ని 2011లో అందుకున్న నెడీ ఒకోరఫర్, తనవంటి నల్లజాతి రచయిత్రికి ఆ ప్రతిమ కలిగించిన ఇబ్బందిని బహిరంగంగా చర్చించింది. ఆ ప్రతిమను ఇకపై ఇవ్వబోమని 2015లో ప్రకటించారు. విక్టర్ లవాల్ 2016లో ‘ది బాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’ అన్న చిన్న నవలలో అదే రెడ్ హుక్ కథను ఒక నల్లజాతి యువకుని వైపు నుంచి తిరిగి రాశాడు. భయాన్ని అతడు తీసివేయలేదు. అది ఎవరి భయమన్నదాన్ని మార్చాడు. అభిమానం వదులుకోకుండానే బాధ్యత వహించవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

6. తెలుగునేలపై ఈ ప్రశ్న

ఈ ప్రశ్న తెలుగు పాఠకునికి మరింత దగ్గరిది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడి అసాధారణమైన పాఠకాదరణ పొందింది. ఒక బాలికపై జరిగే చేతబడి దాని ఇతివృత్తం. ఆ తరువాత క్షుద్రవిద్యలను వస్తువుగా తీసుకున్న నవలలు తెలుగులో వరుసకట్టాయి. హేతువాద దృష్టి గల విమర్శకులు ఈ ధోరణి మూఢనమ్మకాలను పెంచుతుందని తీవ్రంగా ఆక్షేపించారు. పాఠకులు మాత్రం వారం వారం ఎదురుచూశారు.

ఆ ఆక్షేపణను పాతకాలపు వివాదమని తోసివేయడానికి వీలులేదు. చేతబడి, బాణామతి, చిల్లంగి అన్న మాటలు తెలుగుసీమలో కల్పనలోని విభావాలు మాత్రమే కావు. ఊళ్లో వరుసగా పశువులు చచ్చిపోతే, బిడ్డకు అంతుపట్టని జబ్బు చేస్తే, ఆ నేరం మోయడానికి ఒక మనిషిని వెతికే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఒంటరి వితంతువు, ముసలిదంపతులు, మందూమాకూ తెలిసినవాడు, పేదవాడు అనుమానానికి గురవుతారు. మంత్రం పలకకుండా పళ్లు రాలగొట్టిన ఘటనలు, కొట్టి చంపిన ఘటనలు, సజీవంగా దహనం చేసిన ఘటనలు పత్రికలకెక్కాయి. జాతీయ నేరగణాంక సంస్థ తన వార్షిక నివేదికలలో హత్యకు కారణాల కింద మంత్రగత్తె అన్న నెపాన్ని నేటికీ ప్రత్యేకంగా పేర్కొంటున్నది.

ఒక నవల చదివినందువల్ల ఒక హత్య జరిగిందని నిరూపించడం సాధ్యం కాదు. ఆ నిరూపణ ఈ చర్చకు అవసరమూ కాదు. నవలలు రాకముందు నుంచే ఈ నమ్మకాలున్నాయి. నవల చదవనివారే వీటికి ఎక్కువగా లోబడ్డారని కూడా వాదించవచ్చు. గుర్తించవలసిన విషయం వేరు. నిమ్మకాయ, కుంకుమ, మేకులు గుచ్చిన బొమ్మ, అర్ధరాత్రి అన్న సామగ్రి నవలకూ ఊరిలోని నిందకూ ఉమ్మడిది. నగరంలో దీపం కింద నవల చదివేవాడు ఆ సామగ్రిని ఆస్వాదిస్తాడు. పల్లెలో అదే సామగ్రి ఒకరి గుమ్మం ముందు కనిపిస్తే సాక్ష్యమవుతుంది. అక్కడ గుమిగూడినవారందరూ తాము లేళ్లమనే అనుకుంటారు. తమ బిడ్డలు, తమ పశువులు ప్రమాదంలో ఉన్నాయని నిజంగానే వణుకుతారు. మధ్యలో నిలబెట్టిన ముసలమ్మే అక్కడ తరమబడుతున్న ప్రాణి అన్న సంగతి ఆ వణుకులో కనిపించదు.

భయానక సాహిత్యం చూపగలిగినదీ, తరచు చూపకుండా వదిలేసేదీ ఆ ముసలమ్మ వైపు నుంచి కనిపించే రాత్రినే. తలుపు తడుతున్న చప్పుడు, కాగడాల వెలుగు, పేరు పెట్టి పిలిచే పరిచితకంఠాలు, పారిపోవడానికి దారి లేకపోవడం ఏ పిశాచకథకూ తీసిపోని విభావాలు. మంత్రగాని భయాన్ని తెలుగు పాఠకుడు ఎంతో చదివాడు. మంత్రగాడని ముద్రపడినవాని భయాన్ని కూడా అదే తమకంతో చదవగలిగితే అతని ఆసక్తి సంపూర్ణమవుతుంది.

7. కొన్ని ఆక్షేపణలు

ఈ ప్రతిపాదనపై మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది: పాఠకునికి కల్పనకూ నిజానికీ భేదం తెలుసు, కాబట్టి ఈ విచారమంతా అనవసరం. దీనికి సమాధానం: భేదం తెలియడం వేరు, భావం ఎక్కడ అతుక్కున్నదన్నది వేరు. దయ్యం లేదని తెలిసినవాడు కూడా రాత్రి పాడుబడ్డ ఇంటి ముందు అడుగు తొందరగా వేస్తాడు. బుద్ధి కాదన్నది దేహం మరచిపోదు. పాడుబడ్డ ఇంటి విషయంలో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. మనిషి విషయంలో ఉంది.

రెండవది: నీతిని లెక్కపెడుతూ చదివేవానికి రసం దక్కదు. ఇది న్యాయమైన ఆక్షేపణే. అయితే ఇక్కడ చెప్పిన గీటురాయి రసానికి బయటి నుంచి తెచ్చి పెట్టినది కాదు. భయం వ్యక్తికి అతుక్కోవడం నీతిదృష్టితో దోషం కావడానికి ముందే రసదృష్టితో విఘ్నం. చదువుతున్నప్పుడు లెక్కలు వేయనక్కరలేదు. పుస్తకం మూశాక భయం కరిగిపోయిందా, ఒక ముఖాన్ని మిగిల్చిందా, మిగిలితే అది ఎవరి ముఖమని ఒక్కసారి తరచి చూసుకుంటే చాలు.

మూడవది అన్నిటికంటె బలమైనది: సాధారణీకరణమే ప్రమాదకరం కాదా? లవ్‌క్రాఫ్ట్ కథలో వలసజనానికి వ్యక్తిత్వాలు లేవు. అందరూ కలిసి ఒక మూసగా మారారు. విశేషాలను తుడిచివేసే సాధారణీకరణమే ఆ మూసను తయారుచేసిందనవచ్చు. పైకి ఒకటిగా కనిపించినా ఈ రెండు ప్రక్రియలూ పరస్పర విరుద్ధాలు. సాధారణీకరణం తొలగించేది మనవారు, పరాయివారు అన్న భేదాన్ని. మూస ఆ భేదాన్ని పదిలంగా ఉంచి వ్యక్తుల పేర్లను, చరిత్రలను మాత్రమే తుడిచివేస్తుంది. మొదటిదానిలో లేడి భయం అందరి భయమవుతుంది. రెండవదానిలో పరాయివాని ముఖం అందరి భయానికి గురి అవుతుంది. మొదటిది మనసును విశాలం చేస్తుంది; రెండవది కుదిస్తుంది. 1826లో అచ్చయిన ఒక సంభాషణారూప రచనలో ఆన్ రాడ్‌క్లిఫ్ రెండు రకాల భయాలను వేరుచేసి, ఒకటి ఆత్మను విస్తరింపజేస్తుందని, మరొకటి ముడుచుకునేలా చేస్తుందని చెప్పిన భేదం వేరొక సందర్భంలోనిదే అయినా, ఇక్కడా అన్వయిస్తుంది.

ముగింపు

భయానక సాహిత్యంపై ఆసక్తి దానంతటది దోషం కాదు. రోగం, మరణం, చీకటి, తెలియనిది అన్నవి మనిషిని ఎలాగూ భయపెడుతూనే ఉంటాయి. వాటిని ఒక ఎడం నుంచి, రూపమిచ్చి, చూడగలగడం సాహిత్యం చేసే మేలు. ఆ ఆసక్తిని చిన్నచూపు చూసే విమర్శ, క్యాథరిన్‌ను మందలించిన హెన్రీలాగ, ఇంట్లో నిజంగా ఉన్న క్రౌర్యాన్ని గమనించలేకపోవచ్చు.

అయితే భయం నిర్దోషమైన వస్తువూ కాదు. బీభత్సంతో కలిసి పుట్టే ఆ భావం నిలవడానికి ఎప్పుడూ ఒక ఆశ్రయాన్ని వెతుకుతుంది. శ్మశానాన్ని సమతాస్థలంగా చూపిన కవి, భూతం నోట ధర్మసందేహం పలికించిన కథకుడు, తాను సృష్టించిన వికృతప్రాణికి మాట ఇచ్చిన నవలాకర్త్రి దానికి తగిన ఆశ్రయాన్ని చూపారు. ఆ పని చేయని రచనలు, నోరులేనివారి ముఖాలను దానికి అప్పగించాయి. ఏది ఏదో గుర్తించవలసిన బాధ్యత రచయితతో పాటు సహృదయునిది కూడా. సహృదయుడన్న మాటకు అర్థం తనదికాని హృదయంతో కలిసి స్పందించగలవాడని. అర్ధరాత్రి దీపం కింద కూర్చున్న పాఠకునికి ఆ స్పందన తెలుసు. ప్రతి రాత్రీ అతడు దాన్ని అభ్యసిస్తూనే ఉన్నాడు. తన ఊళ్లోనే ఏదో ఒక ఇంటి తలుపును జనం తడుతున్న రాత్రి, తలుపుకు ఏ వైపున ఉన్నవారి గుండెచప్పుడు అతనికి వినిపిస్తుందన్నదే ఆ అభ్యాసానికి పరీక్ష.